చూడకుండా అమ్మిన మాల్టా

కువైట్‌లో ట్రావెల్ ఆఫీసులో పనిచేశానని చెప్పగానే, టికెట్లు కొట్టేదాన్నని అందరూ అనుకుంటారు. మొదటి నాలుగేళ్లు నిజంగా ఆ పనే చేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ల పాటు నా పని వేరు. సెలవులకు వెళ్లే కుటుంబాలకు రోజువారీ పథకం రాసిచ్చేదాన్ని. ఎక్కడ దిగాలి, పొద్దున ఏం చూడాలి, మధ్యాహ్నం ఎక్కడ తినాలి, సాయంత్రం ఎటు నడవాలి అన్నీ ఒక కాగితం మీద ఉండేవి. మా ఆఫీసులో దాన్ని కాగితం అనే అనేవాళ్లం. టర్కీ కాగితం, గ్రీస్ కాగితం, మాల్టా కాగితం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, ఇంక మనమెందుకు?" దానికి నా దగ్గర చిన్న జవాబు లేదు. ఒక దీవి విషయంలో నేను చేసిన తప్పు, దాన్ని దిద్దుకోవడానికి పట్టిన కాలం చెబుతాను. మీకు పనికొచ్చేది ఏమైనా ఉంటే అందులోనే ఉంటుంది.

తెలియదు అనకూడని కౌంటర్

పెళ్లయ్యాక విజయవాడ నుంచి వచ్చాను. మా ఆయన ఇంజినీరు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఎగైలాలో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. అప్పటి మేనేజరు మొదటి రోజే చెప్పిన మాట: "పద్మజా, ఈ కౌంటర్ దగ్గర 'తెలియదు' అన్న మాట వినపడకూడదు. వాళ్లు డబ్బులిచ్చేది నీ నమ్మకానికే." ఆయన మనిషి మంచివాడే. కానీ నాకు నేర్పిన వాటిలో ఇంతకంటే చెడ్డ పాఠం మరొకటి లేదు. దాన్ని బాగా నేర్చుకున్నాను కూడా.

మాల్టా కాగితం అలా పుట్టిందే. మధ్యధరా సముద్రంలో సిసిలీకి దిగువన ఉన్న చిన్న దీవి అది, పక్కనే గోజో అని ఇంకా చిన్నది. నేను రెండూ చూడలేదు. హోటళ్లవాళ్లు పంపే రంగుల పుస్తకాలు ముందేసుకుని, వెళ్లొచ్చినవాళ్ల ఫోటోలు చూసి రాశాను. మొదటి రోజు వాలెట్టా వీధుల్లో తీరిగ్గా నడక, మధ్యాహ్నం కోట మీద ఫిరంగి. రెండో రోజు ఎండ తగ్గాక, మూడింటికి, నీలి గుహలో పడవ షికారు. మూడో రోజు ఓడ మీద గోజో, అక్కడ సముద్రంలోకి నిలబడ్డ పెద్ద రాతి తోరణం. నాలుగో రోజు 'నిశ్శబ్ద నగరం' మ్దీనా. ఐదో రోజు కళ్లున్న పడవల ఊరు మార్సాష్లోక్.

కాగితం చదివిన కస్టమర్లు అడిగేవారు, "మీరు ఎన్నిసార్లు వెళ్లారు?" అని. నేను నవ్వేదాన్ని. నవ్వితే అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఆ కాలం చివర్లో మేనేజరుగా వచ్చిన అబూ ఫాదీ లెబనాన్ వాడు. పొట్టిగా, గట్టిగా, రోజుకి పది కాఫీలు తాగే మనిషి. ఆయన కాగితాలన్నీ తెప్పించుకుని చదివి, ప్రతి దాని మీదా ఒకటే ప్రశ్న వేశాడు. "ఇక్కడ వీళ్లు ఎక్కడ కూర్చుంటారు?"

నాకు మొదట అర్థం కాలేదు. "కోట చూశారు, బావుంది. తాతగారు ఎక్కడ కూర్చుంటాడు? పసిపిల్లతో ఉన్న తల్లి ఎక్కడ కూర్చుంటుంది? బాత్రూమ్ ఎక్కడ? నీడ ఎక్కడ? పడవ దగ్గరికి ఎన్ని మెట్లు?"

"కొన్నే," అన్నాను.

"కొన్నే అంటే?"

"ఎక్కువ లేవు సార్."

ఆయన నన్ను ఒక క్షణం చూసి కాగితం తిరిగిచ్చాడు. నాకు తెలియదని ఆయనకి తెలిసిపోయింది. కానీ ఆరోజు ఇంకేమీ అనలేదు. అనుంటే బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

రాయి కదా

సబా అల్ సలేంలో ఉండే ఒక పెద్దావిడ ఒక వేసవిలో మా దగ్గరికి వచ్చింది. కువైటీ. పేరు పెట్టి కాక, పెద్ద కొడుకు పేరుతో ఉమ్ యూసుఫ్ అని పిలిచేవారు, యూసుఫ్ తల్లి అని. ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, కొడుకులు ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ఆమెతో పాటు రమణమ్మ వచ్చింది, వాళ్లింట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. రాయచోటి పక్కన ఊరు. నేను తెలుగని తెలిసి కళ్లతోనే పలకరించింది. కువైట్ ఇళ్లలో పనిచేసేవాళ్లందరిలాగే యజమానురాలిని 'మామా' అని పిలిచేది, అమ్మా అన్నట్టు.

ఉమ్ యూసుఫ్ సంచిలోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. పాత పత్రికలోంచి కత్తిరించి అట్ట మీద అతికించినది. అంచులు పసుపెక్కాయి. రాతి తోరణం, దాని కింద నీలం సముద్రం.

"ఇరవై ఎనిమిదేళ్లు ఇది నా క్లాసులో గోడ మీద ఉంది," అంది. "అలలు రాయిని ఎలా తొలుస్తాయో ఈ బొమ్మతోనే చెప్పాను. నేనెప్పుడూ చూడలేదు. ఇది చూడాలి. మిగతావి నీ ఇష్టం."

"గోజో. మూడో రోజు," అన్నాను, కాగితం జరుపుతూ.

"ఇంకా ఉందా?"

"ఉంది."

"నిజంగా ఉందా? కనుక్కున్నావా?"

"ఎందుకుండదు ఉమ్ యూసుఫ్? రాయి కదా."

ఆమె నా వైపు వింతగా చూసింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఇంట్లో పనిమనిషిని యూరప్ తీసుకెళ్లాలంటే వీసాకి ఆమె ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, గడువు చూడాలి, కఫీల్ ఉత్తరం, అంటే పూచీ పడ్డ యజమాని ఉత్తరం, కావాలి. అవన్నీ నేను ఒక్క పొరపాటు లేకుండా చేశాను. కాగితాల పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. వాళ్లిద్దరూ వెళ్లారు.

తిరిగొచ్చాక ఉమ్ యూసుఫ్ ఫోన్ చేయలేదు. నేరుగా ఆఫీసుకే వచ్చింది, రమణమ్మతో. నా ఎదురుగా కూర్చుని, నేను రాసిచ్చిన కాగితాన్ని మడత విప్పి పెట్టింది.

"పద్మా, రాయి కదా అన్నావు."

"ఏమైంది?"

"పడిపోయింది. చలికాలం చివర ఒక పెద్ద గాలివానకి. పొద్దున ఊళ్లోవాళ్లు వెళ్లి చూస్తే లేదట. నేను నీ దగ్గరికి రావడానికి నెలల ముందే."

క్షమించమని ఏదో గొణిగాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "నాకు కోపం వచ్చిన మాట నిజం. నీ మీద కంటే నా మీద ఎక్కువ. తోరణాలు చివరికి పడిపోతాయని ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకి నేనే చెప్పాను. అందుకే ఉందా అని రెండుసార్లు అడిగాను. నువ్వు ఉందంటే నమ్మాను. ఖలాస్, అయిపోయింది." కర్ర ఊతంగా లేచి అబూ ఫాదీ గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకుంది.

రమణమ్మ చూసిన గోజో

రమణమ్మా నేనూ మిగిలాం. లోపల నా ఉద్యోగం గురించే మాట్లాడుకుంటున్నారనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక అడిగాను. "మరి ఆరోజంతా ఏం చేశారు రమణమ్మా?"

పదకొండేళ్లలో మాల్టా గురించి నేను ఎవర్నైనా నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లని "బావుందా?" అనే అడిగేదాన్ని. బావుందా అంటే బావుందనే చెబుతారు.

"ఏం జెప్పమంటావు మేడం," అంది రమణమ్మ. "మేము పొయ్యేతలికి ఆడ ఏమీ లేదు. ఉత్త సముద్రం. మామా బొమ్మ చేతిలో పట్టుకోని నిలబడె. బొమ్మ జూసె, సముద్రం జూసె, మల్లా బొమ్మ జూసె. నాకు బయమేసింది. అప్పుడు కారాయన అన్నాడు, ఇంకో పక్క ఉప్పు తీస్తారు, చూద్దురు రాండి అని."

"ఉప్పా? గోజోలోనా?"

"ఆ. సముద్రం గట్టునే. రాయిని చదరాలు చదరాలుగా తొలిచినారు, మన వరిమళ్ల మాదిరి. దాంట్లో సముద్రం నీళ్లు ఎండిపోతాయి. ఒక ముసలామె చీపురుతో ఊడ్చి ఉప్పు కుప్ప చేస్తాండాది. నేను పోయి మెల్హ్ అన్నా. ఉప్పుని మామా వాళ్లింట్లో అట్లే అంటాం గదా. ఆ యమ్మ కూడా మెల్హ్ అనె. సముద్రం చూపిచ్చి బహర్ అన్నా. ఆ యమ్మా బహర్ అనె. మామాకి అప్పుడు నవ్వొచ్చింది. మాది రాయచోటి, ఆ యమ్మది యాడనో. ఇద్దరం కువైట్ మాటల్తో మాట్లాడుకుంటాండాం."

మాల్టా వాళ్ల భాష అరబ్బీకి దగ్గరి చుట్టమని నేను ఎక్కడో చదివాను. చదివి, అది టూరిస్టుకి అక్కర్లేని సంగతి అనుకుని కాగితంలో రాయలేదు. కువైట్ నుంచి వెళ్లే మనిషికి అంతకంటే కావాల్సిన సంగతి ఇంకేముంటుంది?

"నేనూ ఒక చీపురు తీసుకోని రెండు మళ్లు ఊడ్చినా," అంది రమణమ్మ. "ఊరికే కూకోలేక. ఆ యమ్మ మాకు రొట్టె బెట్టింది. టమేటా, నూనె, ఏందో పుల్లటి మొగ్గలు. మామా పొద్దు గూకేదాకా ఆడే కూకోనింది. అన్నీ దినాల్లో ఆ దినమే బాగుండాది మేడం. నీ కాగితంలో అది లేదు."

చివరి మాట ఆమె తప్పు పట్టడానికి అనలేదు. ఉన్నది చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది.

నాలుగు ఫోన్లు

అబూ ఫాదీ నన్ను పిలిచి అరవలేదు. ఉద్యోగం తీసెయ్యలేదు. "ఆ రాయి పడిన తర్వాత మాల్టాకి ఎంతమందిని పంపావు?" అని అడిగాడు. ఉమ్ యూసుఫ్‌ని కాక నాలుగు కుటుంబాలు. "నలుగురికీ ఫోన్ చెయ్యి. తప్పు నీదని చెప్పు. అక్కడ ఏం జరిగిందో అడుగు. వాళ్లు చెప్పింది రాసుకో. నా ముందు కూర్చుని చెయ్యి."

నా ఉద్యోగ జీవితంలో అంత కష్టమైన మధ్యాహ్నం లేదు.

మొదటిది ఒక ఈజిప్టు కుటుంబం. ఆయన అన్నాడు, "దారి తప్పామనుకున్నాం. రెండు గంటలు వెతికాం. నా భార్య ఇప్పటికీ నేను మ్యాప్ చూడలేకపోయానని అంటుంది. పడిపోయిందా? ఆగండి, ఫోన్ ఆమెకిస్తాను, ఆ మాట మీరే చెప్పండి." చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది.

రెండోది హైదరాబాద్ డాక్టర్ దంపతులు. ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "పిల్లలు ఏడుస్తారని పక్కనున్న వేరే కొండ చూపించి అదే అని చెప్పామండి. మా వాడు స్కూల్లో దాని బొమ్మ గీశాడు. ప్రైజ్ కూడా వచ్చింది. ఇప్పుడేం చెప్పమంటారు?"

మూడో ఇంట్లో అసలు గోజో వెళ్లనేలేదు. ఓడరేవుకి వెళ్లే దారిలో పిల్లకి వాంతులైతే మధ్యలోనే తిరిగొచ్చేశారు. నాలుగో ఆయన కువైటీ. అతనికి మాత్రం కోపం వచ్చింది. "నీ మాట మీద మా అమ్మని ఎండలో అంత దూరం తీసుకెళ్లాను," అని ఫోన్ పెట్టేశాడు. ఆ కోపం న్యాయమే. ఆ కుటుంబం మళ్లీ మా ఆఫీసుకి రాలేదు.

నాలుగు ఫోన్లూ అయ్యాక అబూ ఫాదీ అన్నాడు, "నలుగురూ తిరిగొచ్చారు. నీకు తెలియనిది నలుగురికీ ఏదో ఒకటి తెలుసు. నీకు ఒక్కరూ చెప్పలేదు. ఎందుకో తెలుసా? నువ్వు అన్నీ తెలిసిన మనిషిలా కూర్చుంటావు. తెలిసిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పరు."

నాకు నేర్పిన మంచి పాఠాల్లో దీనికి సాటి లేదు.

ఎర్ర పెన్ను

మరుసటి ఏడు ఉమ్ యూసుఫ్ మళ్లీ వచ్చింది. "సెప్టెంబర్లో మాల్టా వెళ్తున్నా. పోయినసారి కోపంలో ఏదీ సరిగ్గా చూడలేదు. రమణమ్మ ఎలాగూ వస్తుంది, నువ్వు కూడా రా," అంది. తమాషాకి అంటోందనుకున్నాను. ఆమె నవ్వలేదు. "నేను చూడకుండా పాఠం చెప్పాను, నువ్వు చూడకుండా అమ్మావు. ఇద్దరం ఒకటే. యల్లా, పద." అబూ ఫాదీ సెలవిచ్చి, చేతికొక ఎర్ర పెన్ను కూడా ఇచ్చాడు. "కాగితం పట్టుకెళ్లు. తప్పు కనపడినప్పుడల్లా అక్కడే కొట్టెయ్యి."

మొదటి తప్పు వాలెట్టాలో దిగిన పావుగంటకే దొరికింది. 'వీధుల్లో తీరిగ్గా నడక' అని రాశాను. ఆ వీధుల్లో సగం మెట్లు. నిటారుగా ఎక్కి, అంతే నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. ఉమ్ యూసుఫ్ పది మెట్లకోసారి ఆగింది. ఆగినందువల్లే ఆమె తలెత్తి చూసింది. ఇళ్లకి పై అంతస్తుల్లో చెక్క గూళ్లలాంటి బాల్కనీలు, అన్ని వైపులా మూసి, ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులేసి ఉన్నాయి. "లోపలి ఆడవాళ్లు వీధి చూస్తారు, వీధికి వాళ్లు కనపడరు. మా అమ్మమ్మ చెప్పే పాత ఇళ్లు ఇలాగే ఉండేవట," అంది. నేను 'తీరిగ్గా నడక' కొట్టేసి 'పై నుంచి దిగండి, ఎక్కవద్దు, ఆగిన ప్రతిచోటా పైకి చూడండి' అని రాశాను.

మధ్యాహ్నం కోట తోటలో నిలబడ్డాం. నౌకాశ్రయం మొత్తం కింద పరుచుకుని ఉంది. సరిగ్గా పన్నెండింటికి ఫిరంగి పేలింది. నేను ఉలిక్కిపడ్డాను. రంజాన్‌లో ఉపవాసం విడిచే మగ్రిబ్ వేళకి, పొద్దు గుంకగానే, కువైట్‌లోనూ ఫిరంగి పేలుస్తారు. ఉమ్ యూసుఫ్ గడియారం చూసుకుని, "ఇంకా మగ్రిబ్ కాలేదే," అంది. రమణమ్మ సంచిలోంచి ఖర్జూరాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. ముగ్గురం ఆ రాతి కమానుల నీడలో కూర్చుని తిన్నాం. అక్కడ బెంచీలు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకున్నాను.

నీలి గుహ మా చేత మూడుసార్లు ప్రయాణం చేయించింది. మొదటి రోజు నా కాగితం ప్రకారం మూడింటికి వెళ్తే, అలలు ఎక్కువని పడవలు కట్టేశారు. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున్నే వెళ్లాం. గుహలోకి ఎండ ఏటవాలుగా పడి, నీళ్ల అడుగు నుంచి వెలుగు పైకి లేచి పడవ అడుగుభాగం కూడా నీలంగా మెరిసింది. పడవాయన చెప్పాడు, మధ్యాహ్నానికి ఈ రంగు ఉండదని. పన్నెండేళ్లుగా నేను జనాన్ని మూడింటికి పంపుతున్నాను. కారణం కూడా చెప్పాలి. కువైటీ కుటుంబాలు సెలవుల్లో పదకొండు లోపు లేవవు. వాళ్లకి నచ్చే వేళ రాశాను, గుహకి నచ్చే వేళ కాదు.

మ్దీనా, అరబ్బీలో పట్నానికి వాడే మదీనా అన్న మాటే, గోడల మధ్య పాత పట్నం. 'నిశ్శబ్ద నగరం' అని రాశాను గానీ పగలు వెళ్తే బస్సుల జనం అరుపులే. సాయంత్రం ఆఖరి బస్సు పోయాక మాత్రం మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది. మార్సాష్లోక్‌లో పడవల ముక్కుల మీద రెండేసి కళ్లు గీసి ఉంటాయి. అవి అందానికని నా కాగితంలో ఉంది. రమణమ్మ చూడగానే, "దిష్టి తగలకుండా గదా మేడం. మన లారీల మీద గీస్తారే," అంది. పడవాయన్ని అడిగితే అదే చెప్పాడు. చెడు నుంచి కాస్తాయట.

సొరంగం బయట

గోజోకి వెళ్లే ఓడ అరగంటలోపే దాటిస్తుంది. కారు ఎక్కాక నేను సముద్రం వైపు చూస్తుంటే రమణమ్మ రెండోవైపు చూస్తోంది. చేల మధ్య సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, గోడల వెంట నాగజెముడు, దాని నిండా ఎర్రటి పండ్లు.

"ఇది మా రాయచోటే మేడం," అంది. "రాళ్లు, జెముడు, ఎండ. ఎవురో సముద్రం దెచ్చి పక్కన పెట్టినట్టుండాది."

"మరి మీ ఊరికి ఎవరూ రారేం చూడ్డానికి?" అన్నాను.

"సముద్రం లేదు గదా."

తోరణం ఉన్న చోటికి కొంచెం ఇవతల, కొండల మధ్య ఒక చిన్న మడుగు ఉంది. దాన్ని లోపలి సముద్రం అంటారు. కొండని తొలుచుకుని ఒక సొరంగం అందులోంచి బయటి సముద్రంలోకి పోతుంది. చిన్న పడవలు ఆ సొరంగంలోంచి తీసుకెళ్తాయి. పడవ ఎక్కాలంటే గులకరాళ్ల మీద నడిచి, అంచు దాటి కాలు వెయ్యాలి. ఉమ్ యూసుఫ్ మోకాళ్లు ఆ పని చెయ్యలేవని నాకు తెలుసు. ఇక్కడ నా ఉద్యోగం నేను చెయ్యాలి కదా అనుకుని, "మీరు ఇక్కడే నీడలో కూర్చోండి, మేం వెళ్లొచ్చి చెబుతాం," అన్నాను.

ఆమె నన్ను చూసింది. "మళ్లీ వేరేవాళ్లు చూసింది వినమంటావా?"

పడవాయన, రమణమ్మ చెరో చెయ్యి పట్టుకున్నారు. నేను వెనక నుంచి నడుము పట్టుకున్నాను. ఆమె నొప్పికి పళ్లు బిగపట్టి కాలు లోపల వేసింది. పడవ ఒరిగింది, నీళ్లు మా బట్టల మీదికి వచ్చాయి. రమణమ్మకి నీళ్లంటే భయం. ఆమె కూర్చున్నాక మామా చెయ్యి వదల్లేదు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో నాకు తెలియలేదు.

సొరంగం చీకటిగా, చల్లగా ఉంది. బయటికి వచ్చేసరికి ఎండ కళ్లు మిరుమిట్లు గొలిపింది. పడవాయన ఇంజిను ఆపి కొండ అంచు చూపించాడు. తెల్లగా, కొత్తగా తెగిన రాయి. "ఇక్కడే," అన్నాడు.

ఉమ్ యూసుఫ్ చాలాసేపు చూసింది. తర్వాత పాఠం మొదలుపెట్టింది. నేను, రమణమ్మ, కాస్త అర్థమవుతున్న ఆ పడవాయన ఆమె క్లాసు.

"అల రెండు వైపుల నుంచీ కొడుతుంది. రెండు గుహలు పడతాయి. గుహలు కలిస్తే తోరణం. పైకప్పు పడిపోతే స్తంభం ఒంటరిగా మిగులుతుంది. చివరికి అదీ పడుతుంది. పుస్తకంలో ఇలా ఉంది, పిల్లల చేత ఇలాగే రాయించాను. ఇక్కడ స్తంభం కూడా ఒకేసారి పోయింది. పుస్తకం తప్పని కాదు. సముద్రం పుస్తకం చదవలేదు." పడవాయన నవ్వాడు. ఆమె నవ్వకుండా కొండ వెంట చూస్తూ పోయి ఒకచోట వేలు చూపింది. నీటి మట్టం దగ్గర ఒక నల్లటి చీలిక, అల వచ్చినప్పుడల్లా అందులోకి పోయి నురగతో వెనక్కి వస్తోంది. "శూఫి. చూడు. అక్కడ మళ్లీ మొదలైంది."

"ఎన్ని దినాలు పడతాది మామా?" రమణమ్మ అరబ్బీలో అడిగింది.

"నువ్వూ నేనూ చూడం. మన మనవరాళ్ల మనవరాళ్లు కూడా చూడరు."

రమణమ్మ ఆ చీలిక వైపు చూస్తూ నాతో తెలుగులో అంది, "ఎవురో ఒకరు చూస్తారులే మేడం."

ఆ రాత్రి హోటల్లో కూర్చుని మూడో రోజు కాగితం మొత్తం కొట్టేసి కొత్తగా రాశాను. లోపలి సముద్రం, సొరంగం, పడవ ఎక్కడానికి ఇద్దరి సాయం కావాలన్న మాట, ఉప్పు మళ్లు, ముసలామె పెట్టే రొట్టె. 'తోరణం పడిపోయింది, అయినా వెళ్లండి' అని కూడా రాశాను. ఆ కాగితం తర్వాత మాల్టా వెళ్లినవాళ్లు తిరిగొచ్చి నాకు చాలా చెప్పారు. నేను అడగడం నేర్చుకున్నాను గనక చెప్పారు.

ఆఖరి ఫైలు

నేను రిటైరయ్యే చలికాలం రమణమ్మ ఫోన్ చేసింది. ఆమె కూడా ఇంటికి వెళ్లిపోతోంది, ఈసారి తిరిగి రాదు.

"మేడం, పొయ్యేలోపల ఇంకొక దీవి చూపిస్తానంటాండాది మామా. ఏ దీవో నన్నే జెప్పమంటాండాది. నాకేం తెలుసు? నువ్వు జెప్పు."

పాత పద్మజ అయితే వెంటనే నాలుగు పేర్లు చెప్పేది. "నీకేం చూడాలని ఉంది రమణమ్మా?" అన్నాను.

"మంచు జూడాల," అంది. "టీవీలో జూసినా. సముద్రం వద్దు. మంచుండే దీవి ఉంటాదా?"

"నాకు తెలియదు. కనుక్కుని చెబుతాను," అన్నాను. ఎగైలా కౌంటర్ దగ్గర కూర్చుని ఆ మాట అనడం నాకు అప్పటికి అలవాటైపోయింది.

కనుక్కున్నాను. సైప్రస్‌లో ట్రూడోస్ కొండల మీద చలికాలం మంచు పడుతుంది. ఆ వారం మంచు ఉందో లేదో అక్కడి హోటల్‌కి రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. మూడోసారి కూడా చేశాను. మెట్లెన్ని, ఉమ్ యూసుఫ్ పొయ్యి దగ్గర ఎక్కడ కూర్చోవచ్చు, అక్కడి నుంచి కిటికీలో కొండ కనపడుతుందా, అన్నీ అడిగి రాశాను. ఆమె మోకాళ్లు అప్పటికి కర్ర మాట కూడా వినడం లేదు. వెళ్తానని మాత్రం పట్టుబట్టింది. ఇద్దరికీ స్వెటర్లు, కోట్లు, మేజోళ్లు పెట్టుకోమని చెప్పాను. ఇంత జాగ్రత్తగా నేను ఏ ఫైలూ చెయ్యలేదు.

మూడో రోజు పొద్దున రమణమ్మ వీడియో కాల్ చేసింది. వెనక అంతా తెలుపు. తలకి స్కార్ఫ్, ముక్కు ఎర్రగా. కిటికీ అద్దం వెనక ఉమ్ యూసుఫ్ కప్పు పట్టుకుని ఆమెకి ఏదో సైగ చేస్తోంది.

"చూసినావా మేడం, ఇంత మంచు," అంటూ రమణమ్మ గుప్పెట్లో తీసి ఫోన్ ముందు పెట్టింది. కాసేపటికి చెయ్యి విదిలించింది. "కాలతాండాది మేడం. మంచు కాలతాదని ఎవురూ జెప్పలేదే."

నేనూ ఎప్పుడూ మంచు ముట్టుకోలేదు. అంత కాగితం రాసి, గ్లౌజులు పెట్టుకోమని చెప్పడం మరిచిపోయాను. ఆమె చేతిని చీరలో చుట్టుకుని, నవ్వుతూ, మళ్లీ వంగి ఇంకో గుప్పెడు తీసింది. నేను ఎర్ర పెన్ను కోసం సొరుగు లాగాను.